చదరపు మీటరుకి నూట పదిహేను గ్రాములు

మా కాలవల శాఖలో ఒక పెద్ద ఇంజనీరు గారు రివ్యూ మీటింగులో పోయారు. నలభై మూడో స్లయిడు దగ్గర పోయి ఉంటారని తర్వాత డాక్టర్లు అంచనా వేశారు. మీటింగు అరవయ్యో స్లయిడు దాకా నడిచింది. వందన సమర్పణలో పేరు చదివినప్పుడు ఆయన లేచి నమస్కారం పెట్టలేదు. అప్పుడు చూశారు.

పోస్టుమార్టంలో ఆయన గుండెలో ఎడమ కింది గది గోడ మందంగా ఉన్నట్టు తేలింది. ఒంటికంతా రక్తం తోసేది ఆ గదే. దాని గోడ మందమెక్కినవాళ్లకి గుండెపోటు, పక్షవాతం, ఉన్నట్టుండి కూలిపోవడం మిగతావాళ్లకంటే ఎక్కువట. ఇది నిజమే. డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నదే. మా శాఖకి మాత్రం ఆ రోజు తెలిసింది. తెలిసిన నెలలోపే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, వామ జఠరికా ద్రవ్యరాశి దేహ వైశాల్యపు చదరపు మీటరు ఒక్కింటికి పురుషులకు నూట పదిహేను గ్రాములు, స్త్రీలకు తొంభై అయిదు గ్రాములు మించరాదు. మించినవారు తొంభై దినములలోగా సదరు ద్రవ్యరాశిని నిబంధనల పరిధిలోనికి తీసుకొనిరావలెను. అట్లు తీసుకొనిరానివారు విధులనుండి విముక్తులగుదురు."

చదివి వినిపించి, వామ జఠరిక అంటే ఆ ఎడమ కింది గదేనని చెప్పింది మా హెడ్ గుమాస్తా అవధాని గారు. నేను లాకుల ఆఫీసులో అటెండరుని. నాలుగు గుండుసూదులతో బోర్డుకి గుచ్చాను.

మా సబ్ డివిజన్లో లష్కర్లు ముప్పై ఒక్కమంది. కాలవ గట్టు మీద తిరుగుతూ, తూముల చక్రాలు తిప్పి తలుపులెత్తి, చివరి పొలం దాకా నీళ్లు పంపేది వీళ్లు. ఆరో నంబరు తూము బూరయ్యది. ఇరవై తొమ్మిదేళ్లుగా వాడిదే. రోజుకి పది మైళ్లు గట్టు మీద నడిచేవాడు. బరువు నలభై ఎనిమిది కిలోలు. ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. ఉద్యోగం పోతే లాకుల పక్కనున్న క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఆ క్వార్టరు తప్ప వాడికి వేరే కొంప లేదు.

నా భార్య చంద్రమ్మ వాడికి వరసకి అక్క. అందుకని నన్ను బావా అంటాడు. ఆవిడ పోయాక కూడా అదే పిలుపు. నేను మార్చమనలేదు.

జులైలో క్యాంపు పెట్టారు. పట్నం నుంచి డాక్టర్ మెర్సీ ప్రమీల గారు ఎకో మిషను తీసుకుని వచ్చారు. గుండెలో ఆ గది ఎన్ని గ్రాములో ఆవిడ చెప్పాలి. ఎత్తు, బరువు చూడటం ఇంజనీర్ల స్థాయి పని కాదు గనక టేపు, బరువు మిషను నాకిచ్చారు. ఎత్తుని బరువుతో హెచ్చవేసి, మూడువేల ఆరువందలతో భాగించి, వర్గమూలం తీస్తే ఒంటి వైశాల్యం వస్తుంది. గ్రాముల్ని దానితో భాగించాలి. ఆ భాగహారం అవధాని గారిది.

డాక్టరమ్మ మొట్టమొదట మనిషి జబ్బకి పట్టీ కట్టి గాలి కొట్టడం మొదలుపెట్టింది. అవధాని గారు లేచి వచ్చి అదేమిటని అడిగారు. బీపీ అని ఆవిడ చెప్పింది. గుండె గోడ మందమయ్యేది చాలామందికి దానివల్లేనని, ముందు చూడాల్సింది అదేనని కూడా చెప్పింది.

"కావచ్చునమ్మా. ఫారంలో ఆ కాలమ్ లేదు."

"కాలమ్ లేకపోయినా రోగం ఉంటుందండీ."

"ఉంటే ఉండనివ్వండి. రాయడానికి చోటు లేదు కదా."

ఆవిడ పోట్లాడలేదు. సంచిలోంచి సొంత నోటుపుస్తకం తీసి అందులో రాసుకుంది.

సాయంత్రానికి ఫలితాలు వచ్చాయి. మా సబ్ డివిజన్‌కి పెద్ద, డీఈ మృత్యుంజయరావు గారి గుండె రెండువందల నలభై గ్రాములు. మనిషి నూట నాలుగు కిలోలు. భాగిస్తే నూట ఎనిమిది. పాసు. బూరయ్య గుండె నూట తొంభై గ్రాములు. భాగిస్తే నూట ఇరవై ఏడు. ఫెయిలు.

నాకు సందేహం వచ్చింది. డీఈ గారి గుండె యాభై గ్రాములు ఎక్కువ కదా, ఆయనది తేలికెలా అయిందని అవధాని గారిని అడిగాను.

"వారి గుండె పెద్దదే. వారూ పెద్దవారే కదయ్యా" అన్నారు.

డాక్టరమ్మ బూరయ్యని వరండాలోకి పిలిచింది. వాడి బీపీ నూట తొంభై, నూట పది ఉంది. గది గోడ ఎందుకు మందమయిందో విడమరిచి చెప్పింది. నాళాల్లో ఒత్తిడి పెరిగితే ఆ ఒత్తిడికి ఎదురు తోసీ తోసీ గుండె కండ కడుతుందంది.

బూరయ్య కాలవ వైపు చూశాడు. "కింద కాలవ పూడిపోయి పైన లాకు మీద బరువు పడ్డట్టా అమ్మగారూ?"

"అచ్చం అలాగే."

"మరి కాలవ బాగు చేయించాలి గానీ, లాకుని తూస్తే ఏం లాభమండీ?"

ఆవిడ నవ్వింది. ఆ రోజు అక్కడ ఆ విషయం అర్థమైన రెండో మనిషి వాడు. రోజూ మాత్ర వేసుకోమంది. ఉప్పు తగ్గించమంది. ఒళ్లు రానివ్వొద్దంది. ఏడాది తిరిగేసరికి గోడ పల్చబడుతుందంది. ఏడాది అనగానే వాడి మొహం వాడిపోయింది. సర్క్యులర్ ఇచ్చింది తొంభై రోజులు.

ముప్పై ఒక్కమందిలో పంతొమ్మిదిమంది ఫెయిలయ్యారు. అందరూ బక్కవాళ్లే. డీఈ గారికి బెంగ పట్టుకుంది. ఆ బెంగ లష్కర్ల గురించి కాదు. జిల్లా పట్టికలో మన సబ్ డివిజన్ పేరు అడుగున వస్తుందని. రెండు రోజులు భోజనం కూడా సరిగ్గా చెయ్యలేదని జీపు డ్రైవరు చెప్పాడు. సరిగ్గా అంటే రెండోసారి వడ్డించుకోలేదని.

మూడో రోజు అవధాని గారు కాగితం మీద ఒక అడ్డగీత గీసి, పైన గ్రాములు, కింద వైశాల్యం వేసి, డీఈ గారి ముందు పెట్టారు.

"పైనున్నది మన చేతిలో లేదు సార్. కిందున్నది ఉంది."

డీఈ గారు చాలాసేపు చూశారు. తర్వాత లేచి అవధాని గారి చెయ్యి పట్టుకుని ఊపారు. ముప్పైయేళ్ల సర్వీసులో ఒక డీఈ ఒక గుమాస్తా చెయ్యి పట్టుకోవడం నేను చూడటం అదొక్కసారే.

అలా పుట్టింది శరీర వైశాల్య అభివృద్ధి పథకం.

లాకుల బంగళాలో వంటశాల పెట్టారు. పంతొమ్మిదిమంది పొద్దున్నే రావాలి. రాగానే నేతితో నాలుగు సున్నుండలు. పది గంటలకి గారెలు. మధ్యాహ్నం భోజనంలో వేపుడు, అప్పడాలు, ఆవకాయ, గడ్డపెరుగు. ఒంటిగంటకి విజిల్. విజిల్ పడగానే పడుకోవాలి. మూడింటిదాకా నిద్ర హాజరు. నిద్రపోనివాడికి ఆబ్సెంటు. హాజరు వేసేది నేను. కళ్లు మూసుకున్నవాడి పేరు ఎదుట సంతకం చేసే చోట వేలిముద్ర తీసుకోవాలా, లేపి సంతకం పెట్టించాలా అని పైకి రాశాం. లేపి పెట్టించి మళ్లీ పడుకోబెట్టవలెనని జవాబు వచ్చింది.

లష్కరు సత్తెయ్యకి బోదకాలు. ఆ కాలి బరువు దేహ వైశాల్యంలో కలపవచ్చునా, కలపరాదా అని ఇంకో లేఖ పోయింది. జవాబుకి నెల పట్టింది. "సదరు కాలు సదరు ఉద్యోగి దేహమునకు సంలగ్నమై యున్నంతవరకు కలుపవచ్చును." సత్తెయ్య ఆ పూటే పాసయ్యాడు. రెండో కాలు కూడా అలా ఉంటే బాగుండేదని మిగతావాళ్లు వాణ్ణి ఆట పట్టించారు. వాడు నవ్వి, మీ వంతు సున్నుండలు కూడా నాకే పెట్టండి మరి అన్నాడు.

వ్యాయామం వల్ల గుండె కండ కడుతుందని ఎవరో పెద్దవాళ్లు ఎక్కడో చదివారు. లష్కర్లు గట్టు మీద నడవరాదని ఉత్తర్వు వచ్చింది. సైకిళ్లు ఆఫీసులో పెట్టించి తాళం వేశారు. తూములు ఎవరూ ఎత్తలేదు. చివరి పొలాల రైతులు పాతికమంది వచ్చి, నారు ఎండుతోంది, నీళ్లేవని అడిగారు. డీఈ గారు వాళ్లని కూర్చోబెట్టి, సిబ్బంది ఆరోగ్యం కన్నా నీళ్లు ముఖ్యమా అని మెత్తగా అడిగారు. రైతులు ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నారు. అవును, నీళ్లే ముఖ్యం అన్నాడు ఒక ముసలాయన. ఆ మాట మినిట్సులో రాయలేదు.

ఇంత జరుగుతున్నా ఆరో నంబరు తూము మాత్రం వేళకి లేస్తూనే ఉంది. బూరయ్య పొద్దున సంతకం పెట్టి, సున్నుండలు కండువాలో మూటగట్టి, వంటశాల వెనక దారిన జారుకునేవాడు. సున్నుండలు లాకుల్లో చేపలకి వేసేవాడు. నిద్రవేళకి తిరిగొచ్చి, చెమట తుడుచుకుని, బుద్ధిగా కళ్లు మూసుకునేవాడు.

చేపలు బలిశాయి. బూరయ్య బలవలేదు. ఆరు వారాలకి తూస్తే నలభై ఎనిమిదే. మెమో ఇచ్చారు. "తాము వైశాల్యాభివృద్ధి యందు ఉద్దేశపూర్వక నిర్లక్ష్యము వహించుచున్నట్లు దృష్టికి వచ్చినది." మిగిలిన వారాల్లో పది కిలోలు పెరగకపోతే విముక్తి.

మెమో పట్టుకుని నా దగ్గరికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు.

"బావా, తింటే గుండె పోద్ది. తినకపోతే ఉద్యోగం పోద్ది. ముందు ఏది పోనిమ్మంటావు?"

పోయేముందు చంద్రమ్మకి నాలుగేళ్లు తలనొప్పి. నేను బామ్ తెచ్చాను. ఆసుపత్రిలో ఆవిడ కార్డు మీద ఎత్తు, బరువు, వయసు, కులం అన్నీ రాశారు. చేతికి పట్టీ కట్టినవాడు లేడు. ఒకరోజు బియ్యం చెరుగుతూ పక్కకి ఒరిగిపోయింది. ఏడేళ్లయింది. నేను ఎవర్నీ క్షమించలేదు. బామ్ తెచ్చినవాణ్ణి కూడా.

"మాత్ర మింగు," అన్నాను. "బరువు సంగతి నాకొదిలెయ్."

"నీకేం తెలుసు బావా బరువు గురించి?"

"రాసేది నేనే కదరా."

తొంభయ్యో రోజు రెండో క్యాంపు. బూరయ్య మిషనెక్కాడు. ముల్లు నలభై ఎనిమిది దగ్గర ఆగింది. నేను రిజిస్టర్లో అరవై రెండు రాశాను. డాక్టరమ్మ రిజిస్టరు చూసింది. బూరయ్యని చూసింది. నన్ను చూసింది.

"అరవై రెండా?"

"అవునండి."

"నాకు గ్రాములవరకే సంబంధం" అని తన గడిలో తన అంకె వేసి సంతకం చేసింది. నూట ఎనభై ఎనిమిది. అవధాని గారు భాగించారు. నూట పది. పాసు.

మిగతావాళ్లలో కూడా ఇద్దరు తప్ప అందరూ పాసయ్యారు. నిజంగానే ఒళ్లు చేసి పాసయ్యారు. ఇంతకుముందు ఎగశ్వాస లేకుండా చక్రం తిప్పిన లష్కరు వీర్రాజు, తూము మెట్లు నాలుగెక్కి కూర్చుండిపోయి, తలుపు మీరే ఎత్తుకోండని రైతులతో అన్నాడు. డాక్టరమ్మ నోటుపుస్తకంలో అందరి బీపీలూ పెరిగాయి. ఆ పుస్తకం ఎవరూ అడగలేదు. సబ్ డివిజన్ జిల్లాలో మొదటి స్థానంలోకి వచ్చింది. అవధాని గారికి శాలువా కప్పారు.

మరుసటి జులైలో మళ్లీ పరీక్ష. బూరయ్య ఏడాదిపాటు ఒక్క రోజు మానకుండా మాత్ర మింగాడు. ఆవకాయ మానేశాడు. దానికి మాత్రం నన్ను రోజూ తిట్టేవాడు. ఎకో మిషను మీద గుండె నూట అరవై రెండు గ్రాములు చూపించింది. డాక్టరమ్మ రెండుసార్లు కొలిచి, చెయ్యి వాడి తలమీద పెట్టింది. నిజం బరువు రాసినా ఇప్పుడు నూట ఎనిమిదికి పాసయ్యేవాడే. కానీ పోయినసారి అరవై రెండున్నవాడు ఇప్పుడు నలభై ఎనిమిదంటే పథకానికి ద్రోహం చేశాడని మెమో ఇస్తారు. అరవై రెండే రాశాను. భాగిస్తే తొంభై అయిదు వచ్చింది.

అక్కడే పొరపాటు చేశాను. నూట ఇరవై ఏడు నుంచి తొంభై అయిదు. రాష్ట్రం మొత్తంలో ఇంత పతనం ఎవరికీ లేదు. సున్నుండల వల్ల గుండె తగ్గిన మొదటి మనిషి మా సబ్ డివిజన్లో దొరికాడని డీఈ గారు పైకి రాశారు. పథకాన్ని అన్ని జిల్లాలకీ విస్తరించే ముందు ఆ మనిషిని కళ్లారా చూడటానికి కమిటీ వస్తోందని జవాబు వచ్చింది.

నేను నీరుగారిపోయాను. బూరయ్య మాత్రం, "ఏవుంది బావా, చూస్తారు, పోతారు" అన్నాడు. మిషనెక్కిస్తార్రా అన్నాను. అప్పుడు వాడూ మెట్టు మీద కూలబడ్డాడు. వాడి ఉద్యోగం, నా ఉద్యోగం, రెండూ ఆ ముల్లు మీద ఉన్నాయి.

కమిటీలో నలుగురు. అధ్యక్షుల వారు తెల్లటి మనిషి, మెల్లగా మాట్లాడతారు. బంగళా ముందు షామియానా వేశాం. డాక్టరమ్మని కూడా పిలిపించాం. ఆదర్శ వైశాల్య లష్కరు అని రాసిన బ్యానరు కింద బూరయ్య నిలబడ్డాడు. గాలికి బ్యానరు ఊగుతుంటే దాని రెండు కర్రల మధ్య మూడో కర్రలా ఉన్నాడు. కొత్త యూనిఫారం అరవై రెండు కిలోల కొలతకి కుట్టించారు. రెండు చేతులతో నడుం దగ్గర పట్టుకుని ఉన్నాడు.

అధ్యక్షులు వాణ్ణి కిందనుంచి పైదాకా చూశారు. బరువు మిషను చూపించారు. బూరయ్య నా వైపు ఒకసారి చూసి ఎక్కాడు.

నలభై తొమ్మిది. యూనిఫారంతో.

అధ్యక్షులు రిజిస్టరు తెప్పించి చూశారు. అరవై రెండు. ధ్రువీకరించినది, డీఈ మృత్యుంజయరావు. సంతకం, ముద్ర, తేదీ. ఇది మీ సంతకమేనా అని అడిగారు. డీఈ గారి మెడ మీద చెమట కారింది. అవునన్నారు.

"అయితే సంతకం తప్పయి ఉండాలి. లేదా మిషను తప్పయి ఉండాలి" అన్నారు అధ్యక్షులు.

డీఈ గారు ఒక్క అంగలో వెళ్లి మిషనెక్కారు. ముల్లు తిరిగి నూట తొమ్మిది దగ్గర ఆగింది. డీఈ గారి మొహం విచ్చుకుంది.

"చూశారా సార్. రికార్డు ప్రకారం నేను నూట నాలుగు."

అధ్యక్షులు తలాడించారు. "సన్నవాళ్లని సన్నగా, లావువాళ్లని లావుగా చూపిస్తోంది. పక్షపాతం ఉన్న మిషను."

సదరు తూనిక యంత్రము పక్షపాత ధోరణితో వ్యవహరించుచున్నందున సేవలనుండి తొలగించడమైనదని అవధాని గారు అక్కడికక్కడే రాశారు. సంతకాలయ్యాయి. మిషనుని నేను, బూరయ్య చెరోపక్క పట్టుకుని గోదాములో పడేసి వచ్చాం. దారిలో వాడు నవ్వు ఆపుకోలేక రెండుసార్లు మిషను దించాడు. నేను నవ్వలేదు.

తిరిగి వచ్చేసరికి డాక్టరమ్మ లేచి నిలబడి ఉంది. ఆమెని రెండు మాటలు చెప్పమన్నారట. మాటలకి బదులు పట్టీ తీసింది. బూరయ్య చేతికి కట్టింది. నూట ముప్పై, ఎనభై. ఏడాది కిందట నూట తొంభై, నూట పది ఉందని, తగ్గింది మాత్రలకేనని, ఈ ఒక్క కాలమ్ ఫారంలో కలిపితే మిగతావాళ్లు కూడా బతుకుతారని చెప్పింది.

అధ్యక్షులు శ్రద్ధగా విన్నారు. "చాలా సంతోషమమ్మా. అయితే ఇది నిబంధనల్లో లేని విజయం" అన్నారు.

అందరూ చప్పట్లు కొట్టారు. డీఈ గారు మంచి హుషారు మీద ఉన్నారు. నాదీ చూడండి డాక్టరు గారూ అని చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నారు. ఆవిడ గాలి కొట్టింది. వదిలింది. మళ్లీ కొట్టింది. రెండోసారి వదిలేటప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు.

"రెండువందల పది, నూట ఇరవై. సార్, మీరు ఇవాళే నా ఆసుపత్రికి రావాలి."

"ఇదీ చెడిపోయిందమ్మా. అవధానీ, దీన్ని కూడా రాసుకో."

షామియానా అంతా నవ్వింది. తర్వాత భోజనాలు. కమిటీ కార్లు మూడింటికి వెళ్లిపోయాయి. డాక్టరమ్మ అంతకుముందే బస్సెక్కింది.

నేను కుర్చీలు మడత పెడుతున్నాను. డీఈ గారు మడిచిన చెయ్యి దించకుండా అలాగే కూర్చుని ఉన్నారు. కాసేపటికి బూరయ్యని దగ్గరికి పిలిచారు. ఆయన లెక్కలో నేనూ ఒక కుర్చీనే గనక నా ముందు మాట్లాడటానికి మొహమాటపడలేదు.

"నీకు మొదట్లో తలనొప్పి ఉండేదా?"

"ఉండేది బాబూ. మెడ వెనకాల. పొద్దుటిపూట."

"ఊఁ. పొద్దుటిపూట." మడిచిన చెయ్యి దించుకున్నారు. "ఆ అమ్మాయి ఆసుపత్రి ఎంతవరకు తీసి ఉంటుంది?"

ఆరింటిదాకా అని బూరయ్య చెప్పాడు. డీఈ గారు జీపు వైపు చూశారు. జీపులో వెళితే లాగ్ బుక్కులో పని రాయాలి. గుండె నిమిత్తం అని రాస్తే, చదరపు మీటరుకి నూట ఎనిమిది గ్రాములున్న అధికారికి గుండె నిమిత్తం పనేమిటని పైనుంచి అడుగుతారు. బస్సులో వెళితే అందరూ చూస్తారు. బూరయ్యకి అర్థమైంది. గోడకి ఆనించిన నా సైకిలు తెచ్చి, కండువా మడిచి వెనక క్యారియరు మీద వేశాడు.

"పట్టుకుని కూర్చోండి బాబూ. గట్టు దారిన పోతే ఎవరూ చూడరు."

నూట తొమ్మిది కిలోలు ఎక్కాయి. ముందు చక్రం గాల్లోకి లేచింది. బూరయ్య ముందుకి వంగి దాన్ని దించి, పెడల్ మీద నిలబడి తొక్కాడు. పడిపోతారనుకున్నాను. పడలేదు. గట్టెక్కారు.

చేతిలో కుర్చీతో నేను చూస్తూ నిలబడ్డాను. లాకుల వంతెన ఎక్కే చోట సైకిలు ఆగిపోయింది. బూరయ్య వెనక్కి తిరిగి ఏదో చెప్పాడు. డీఈ గారు దిగారు. నాలుగు అడుగులు వేసి నడుం మీద చెయ్యి పెట్టుకుని ఆగారు. మళ్లీ నాలుగు వేసి ఆగారు. ఆగినప్పుడల్లా వాడూ సైకిలు పట్టుకుని ఆగాడు.

నేనైతే వదిలేసి పోయేవాణ్ణి.